నలభై ఒక్క సెకన్ల స్వరపేటిక

ఆ ఫోను ఒక్క విడతకి బతికేది నలభై ఒక్క సెకన్లు. అందులో మొదటి ఇరవై మూడూ కంపెనీ లోగో చూపించడానికే సరిపోయేవి. లోగో చూపించి లోగుట్టు దాచే రకం. ఆ తర్వాత తెర వెలిగి, నంబరు నొక్కమని అడిగి, నొక్కినవాణ్ని లోపలికి రానిచ్చి, కూర్చోమన్నట్టు నాలుగు బొమ్మలు చూపించి, మనం కాస్త స్థిమితపడేలోపే ఒక్కసారి వణికి నల్లబడిపోయేది. మళ్లీ లోగో. మళ్లీ వణుకు. మళ్లీ నలుపు. పోను పోను అంటూనే పోతున్న ఫోను అది.

ఇలాంటివి వారానికి రెండైనా వచ్చేవి స్క్రీనివాసు బల్ల మీదకి. మామూలుగా అయితే, "సెల్లుకి కాలం చెల్లు, కొత్తది చూసుకోండి" అని ఒక మాట అనేసి, నవ్వించి, సాగనంపేవాడు. దీన్ని అలా సాగనంపడానికి లేదు. ఇది బావ ఫోను. బావ ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బావ గొంతు ఈ ఫోనులో ఉంది. ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. బావ దగ్గర కూడా లేదు.

స్క్రీనివాసు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, బావ తగిలించిన పేరు. పద్దెనిమిదేళ్ల కిందట ఈ కాంప్లెక్సు రెండో అంతస్తులో, రెండు బల్లలు పడితే మూడో మనిషి పట్టని ఈ గదిలో, పగిలిన స్క్రీన్లు మార్చే దుకాణం తెరిచిన రోజున బావ గుమ్మంలో నిలబడి, "ఒరేయ్ స్క్రీనివాసూ!" అని ఒక్క కేక వేశాడు. కింది అంతస్తులో టీ కప్పులు అదిరాయి. ఆ అదురుకి అసలు పేరు పారిపోయి మళ్లీ రాలేదు. బావ గొంతు అలాంటిది మరి. కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేది ఆయనే. గద్దె ఎక్కి "వంకాయా!" అన్నాడంటే గేటు బయట లారీలో గుర్రుపెడుతున్న డ్రైవరు లేచి కూర్చునేవాడు. మార్కెట్ కమిటీ మైకు కొనిస్తామంటే, "మైకుకి మైకెందుకయ్యా?" అని తిప్పి పంపాడు. పాట ఆయనది, వేలం వెర్రి జనానిది.

ఆ గొంతులో కణితి లేచింది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. మాట పడిపోవడం, మాట తప్పడం, మాట తేలిపోవడం అందరూ విన్నవే. బావ మాటని మాత్రం బల్ల మీద పడుకోబెట్టి, కోసి తీసి, సీసాలో వేసి పరీక్షకి పంపించారు. ఇవాల్టికి ఇరవై మూడు రోజులు.

ఆపరేషన్‌కి ముందు ఆ ఆస్పత్రి స్పీచ్ థెరపిస్టు ఒక దారి చెప్పింది. గొంతు ఉండగానే, ఆ గొంతుతో తను ఇచ్చిన పుస్తకంలోని వాక్యాలన్నీ చదివి రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు ఏం టైపు చేసినా అచ్చం ఆ గొంతుతోనే పలికే యంత్రం తయారు చేయించి ఇస్తామంది. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం వేరే ఉంది గానీ, దాన్ని ఒకసారి విని బావ, "కందిరీగ కాపురం పెట్టినట్టుంది, నాకొద్దు" అనేశాడు. పన్నెండు రోజులు కూర్చుని పుస్తకం చదివాడు. వాక్యానికో రికార్డింగు చెయ్యమంటే, వేలం పాడేవాడికి మధ్యలో ఆగే అలవాటేదీ? రోజుకి మూడు గంటలు ఏకబిగిన చదివి రోజుకో ఫైలు చేశాడు. పన్నెండు రోజులు, పన్నెండు ఫైళ్లు. యంత్రం రాగానే దాన్ని స్పీకరుకి తగిలించి మళ్లీ గద్దె ఎక్కుతానని కమిటీకి కాగితం కూడా రాసి ఇచ్చాడు. పుట్టుకతో వచ్చిన స్వరపేటిక ఆస్పత్రి వాళ్లు పట్టుకుపోయారు. మిగిలిన స్వరపేటిక ఇదిగో, ఈ ఫోనే.

వాటికి వేరే కాపీ తీసిపెడతానని మాటిచ్చినవాడు స్క్రీనివాసే. ఈ ఆదివారం, పై ఆదివారం అంటూ అందరి ఫోన్లూ బాగుచేస్తూ, ఇంటి ఫోను ముట్టుకోలేదు. నిలబెట్టుకోనిది తన మాటే అయితే పోనీలే అనుకుని తిరిగేవాడు. పోయేలా ఉన్నది బావ మాట.

"నిన్న సాయంత్రం టైము చూద్దామని తీశారు, అప్పట్నుంచీ ఇదే తంతు," అంది అక్క, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని. "ఒరేయ్, నాలుగింటికి ఆ థెరపిస్టు రమ్మంది. ఫైళ్లన్నీ పట్టుకుని రమ్మంది. అప్పటికి అవుతుందా?"

"అవుతుందక్కా."

"అవుతుందంటే అవుతుందనా, అవుతుందేమోననా?"

"నువ్వు లాయరు అవ్వాల్సిందానివి."

"ఎలా అవుతాను? నా తరఫున కూడా ఆయనే మాట్లాడేసేవారుగా ఇన్నాళ్లూ."

అనేసి నాలిక్కరుచుకుంది. బావ పట్టించుకోలేదు. ఒళ్లో ఉన్న రాసి చెరిపే పలక మీద గబగబా గీకి ఇటు తిప్పాడు. *మీ అక్క మాట్లాడుతుంటే ఫోను కూడా నలభై సెకన్లకి మించి తట్టుకోలేకపోతోంది.*

స్క్రీనివాసు పకపకా నవ్వాడు. బావ కూడా నవ్వాడు. అంటే భుజాలు ఎగిరాయి, కళ్లు ముడుచుకున్నాయి, ఊపిరికని మెడలో పెట్టిన రంధ్రం మీద కట్టుకున్న పల్చటి గుడ్డ లోపల్నుంచి వచ్చే గాలికి ఉఫ్‌మని లేచి పడింది. అంతే. నవ్వుతున్న బావ ఎదురుగా ఉన్నాడు, నవ్వు మాత్రం గదిలో లేదు. స్క్రీనివాసు తన నవ్వు చప్పుడు తనకే వినబడి, సగంలో మింగేశాడు.

"చూశావా, రాతలో కూడా నోటి దురుసే," అంది అక్క లేస్తూ. "ఇరవై మూడు రోజులుగా నన్ను పిలవాలంటే గోడ మీద కొడుతున్నారురా. పక్కింటివాళ్లు మేకులు కొడుతున్నామనుకుని వచ్చి అడిగారు. సర్లే, నేను మందుల షాపుకి వెళ్లి, ఇంటి దగ్గర సూపు పెట్టుకుని వచ్చేస్తా. ఏమండీ, ఇక్కడే కూర్చోండి. వీణ్ని కదలనివ్వకండి."

ఆమె మెట్లు దిగిపోయింది. స్క్రీనివాసు ఫోను వెనక మూత ఊడదీశాడు.

ముందు బ్యాటరీ తీసేసి, బల్ల మీద యంత్రం నుంచి నేరుగా కరెంటు ఇచ్చాడు. మీటరు ముల్లు పైకెక్కి, ఎక్కి, నలభై ఒకటో సెకనుకి దబ్బున సున్నాకి పడింది. బ్యాటరీ కాదన్నమాట. పవరు బటను ఇరుక్కుని తనంతట తనే నొక్కుకుంటోందేమోనని దాని తీగ విప్పి చూశాడు. కాదు. కొత్తగా వేసిన యాప్‌లేవీ నడవకుండా చేసి చూశాడు. అప్పుడూ అదే తంతు. చివరికి బోర్డు నడిమధ్యన, ఫోనునంతా నడిపే పెద్ద చిప్పు మీద బొటనవేలుతో గట్టిగా అదిమిపట్టాడు. నలభై ఒకటి దాటింది. నలభై అయిదు. నలభై తొమ్మిది. వేలు తీయగానే పోయింది.

ఎదుటివాడి ఫోను అయితే ఇక్కడ ఒక జోకు ఉండేది: "మీ ఫోను బోర్డు తిప్పేసిందండీ" అనేవాడు. ఇప్పుడు స్క్రీనివాసు బోర్డుని మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

బావ పలక తిప్పాడు. *ఏమిటి?*

"చిప్పు కింద అతుకు పగిలింది బావా. చిప్పు, బోర్డు ఒకదాన్నొకటి సరిగ్గా ముట్టుకోవట్లేదు."

*ఫైళ్లు ఇంకో ఫోనులోకి ఎక్కించు.*

"అవి తాళం వేసి ఉంటాయి. తాళం చెవి ఈ చిప్పులోనే ఉంది. ఈ ఫోను ఒక్కసారైనా నిలబడి ఇస్తే తప్ప బయటికి రావు. చిప్పు పోతే చేతికి చిప్పే."

నోటికి అలవాటైన మాట, ఆపేలోపే జారిపోయింది. బావ ఆ మాటకి నవ్వబోయి, ఆగి, ఫోను వంక చూశాడు.

కబురందుకుని పై అంతస్తు నుంచి చిప్పు మాస్టారు దిగి వచ్చాడు. చిప్పులు పీకి, కింద టంకం చుక్కలు కొత్తగా పోసి, మళ్లీ అతికించే పని ఆ కాంప్లెక్సు మొత్తంలో ఆయనొక్కడికే చేతనవును. పొద్దస్తమానం భూతద్దంలోంచి చూసీ చూసీ మనుషుల్ని కూడా ఒక కన్ను మూసి చూస్తాడు. అలా ఒంటికన్నుతో బావకి నమస్కారం పెట్టి, బోర్డుని వెలుగుకి పట్టాడు.

"నీళ్లు తగల్లేదు. సరే, కింద పడిందా? లేకపోతే బాగా వేడెక్కిందా? అది తేలితే దారి తేలుతుంది."

"రెండిటికీ తేడా ఉందా మాస్టారూ?"

"ఎందుకు లేదయ్యా? పడితే ఒక మూల నాలుగు చుక్కలు పగులుతాయి, మిగతావి గట్టిగానే ఉంటాయి. ఐసుతో చల్లబరిచి, అదిమిపట్టుకుని, బతికున్నంతసేపట్లో ఫైళ్లు లాగెయ్యొచ్చు. చిప్పు ముట్టుకోనక్కర్లేదు. అదే రోజుల తరబడి వేడెక్కి ఉంటే, అన్ని చుక్కలూ పుచ్చిపోయి ఉంటాయి. దాన్ని ఇంకొక్కసారి కూడా ఆన్ చెయ్యకూడదు. చల్లబరిచామో, ఉన్నవి కూడా పటపటా విడిపోతాయి. నేరుగా చిప్పు లేపి కొత్త చుక్కలు పొయ్యాలి. సగం ఆశ ఉంటుంది. చెప్పు, ఏంటి సంగతి?"

సంగతి స్క్రీనివాసుకి తెలుసు. ఆ ప్రశ్న సగంలో ఉండగానే తెలిసింది, అరికాళ్ల నుంచి తెలిసింది.

బావ ఇల్లు రోడ్డు వార. ఒక పక్క లారీలు, ఒక పక్క వెల్డింగ్ షాపు. రికార్డింగుకి చీమ చిటుక్కుమనకూడదంది థెరపిస్టు. అప్పుడు ఉపాయం చెప్పింది తనే. పడకగదిలో బట్టల అలమరా ఖాళీ చేయించి, అందులో బావని ముడుచుకుని కూర్చోబెట్టి, ఫోను చుట్టూ దుప్పటి మడతలు పెట్టి, పైన ఇంకో దుప్పటి కప్పించాడు. పాత బ్యాటరీ మూడు గంటలు ఆగదని చార్జరు కూడా గుచ్చే ఉంచమన్నాడు. రోజుకి మూడు గంటలు, పన్నెండు రోజులు. ఎదురుగా గోడ మీద, కస్టమర్ల కోసం తను స్వయంగా స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఉంది: "ఫోనుని దిండు కింద, దుప్పట్లో పెట్టి చార్జింగు చెయ్యరాదు. ఫోనుకి చలి వెయ్యదు."

బావ పలక మీద వంగి రాస్తున్నాడు. *దుప్ప* దాకా వచ్చాడు.

"పడింది మాస్టారూ," అన్నాడు స్క్రీనివాసు. "మంచం మీంచి కింద పడింది. అప్పట్నుంచే."

బావ చెయ్యి ఆగింది. తలెత్తి బావమరిదిని చూశాడు. ఎంతసేపో కాదు, ఒక క్షణం. తర్వాత ఆ రెండక్షరాలనీ చొక్కా చేతితో తనే తుడిచేసి, పలక ఒళ్లో బోర్లించుకున్నాడు. ఎందుకు తుడిచాడో స్క్రీనివాసుకి అర్థమైంది. పది మంది ఎదుట బావమరిదిని ఏడిపించడం బావ హక్కు. బయటివాడి ఎదుట పరువు తియ్యడం ఆయన పద్ధతి కాదు. పరువు కాపాడే తొందరలో, దుప్పటి ఊసుకీ ఐసుకీ ఉన్న లంకె ఆయనకి తట్టలేదు. తన గొంతుని తన చేత్తోనే తుడిచేస్తున్నాడని ఆయనకి తెలియదు.

స్క్రీనివాసుకి తెలుసు. అప్పటికీ నోరు తెరవచ్చు. తెరవడానికి ఒక్క మాట చాలు. పద్దెనిమిదేళ్లుగా నోరే పెట్టుబడిగా బతికినవాడికి ఆ ఒక్క మాట దొరకలేదు. పడలేదని ఎవరు చెప్పొచ్చారు? వేడికే పుచ్చిందని ఏముంది? పడిన ఫోనులాగానే ఉందిగా, అదిమితే నిలబడుతోందిగా, అని తనకి తనే కస్టమరై తనకే సర్దిచెప్పుకున్నాడు.

"అయితే ఇంకేం, ఐసు తెప్పించు," అన్నాడు మాస్టారు. "పెద్ద ఫైళ్లు ముందు లాగు. నాకు పైన పని ఉంది. ఏదైనా అయితే పిలు."

కింద కూల్‌డ్రింకుల షాపు నుంచి ఐసు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి, పైన బోర్డు పెట్టి, ఫోనుని తీగతో కంప్యూటరుకి కలిపాడు. పని పంచుకున్నారు. తెర వెలగగానే బావ నంబరు నొక్కాలి. కంప్యూటర్లో ఫైళ్లు కనబడగానే స్క్రీనివాసు ఎడమచేత్తో చిప్పు అదిమి, కుడిచేత్తో ఫైలు లాగాలి. పన్నెండు పెద్ద ఫైళ్లు, పన్నెండింటి కింద ఒక చిట్టి ఫైలు. ఆ రకం రికార్డింగులకి ఒక గుణం ఉంది. ఆఖరి అక్షరం దాకా రాకపోతే మొదటి అక్షరం కూడా పలకవు. తొంభై తొమ్మిది వంతులు వచ్చినా రానట్టే.

మొదటిసారి పదకొండు శాతం దగ్గర పోయింది.

"పర్లేదు బావా, చెయ్యి తిరగాలి."

రెండోసారి పందొమ్మిది. అయిదోసారి ముప్ఫై ఎనిమిది. బావ వేలు అలవాటు పడి, తెర వెలిగీ వెలగకముందే నాలుగంకెలూ టకటకా కొట్టేస్తున్నాడు. తొమ్మిదోసారి అరవై ఒకటి. బావ రెండో చేత్తో బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. మార్కెట్లో బేరం పైకెక్కుతుంటే అలాగే వేసేవాడు. అరవై రెండు, అరవై అయిదు, డెబ్బై... కంప్యూటరు తెర మీద అంకె ఎక్కుతుంటే బావ పెదాలు దానితో పాటు కదులుతున్నాయి. పాట పాడుతున్నాడు. తన గొంతుకి తనే పాట పాడుకుంటున్నాడు. పద్నాలుగోసారి ఎనభై మూడు దాకా వచ్చింది. బావ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

నల్లబడింది.

"వస్తుంది బావా. ఈసారి వచ్చేస్తుంది."

పదిహేనోసారి డెబ్బై నాలుగు. పద్దెనిమిదోసారి యాభై. ఇరవై ఒకటోసారి ఇరవై రెండు. బతికే సెకన్లు తగ్గిపోతున్నాయని స్క్రీనివాసు గడియారం చూడకుండానే గ్రహించాడు. నలభై ఒకటి ముప్ఫై నాలుగైంది, ముప్ఫై నాలుగు ముప్ఫై అయింది. వేళ్లు ఐసుకి మొద్దుబారాయి. ఎంత గట్టిగా అదిమినా వేలి కింద చిప్పు ఊగుతున్న పన్నులా అనిపిస్తోంది. ఐసు తీసేయాలి. ఆపేయాలి. పైకి పరిగెత్తి, "మాస్టారూ, పడలేదు" అని చెప్పాలి. ఇది ఒక్కటీ అయ్యాక చెబుదాం అనుకున్నాడు. ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొక్కటి. ఆదివారాలు వాయిదా వేసినవాడికి సెకన్లు వాయిదా వేయడం ఎంతసేపు?

ముప్ఫై మూడోసారి అతని ధైర్యం చచ్చింది. సున్నాతో నాలుగింటికి అక్కకి మొహం ఎలా చూపించాలి? పెద్ద ఫైలు వదిలేసి, కింద ఉన్న చిట్టి ఫైలు మీద వేలు వేశాడు. కళ్లు మూసి తెరిచేలోపు అది వచ్చి పడింది. దుకాణంలో ఆ రోజు నూటికి నూరూ పూర్తయిన పని అదొక్కటే.

ముప్ఫై నాలుగోసారి లోగో రాలేదు.

అయిదు నిమిషాలు ఆగి మళ్లీ నొక్కాడు. తీగ మార్చాడు. ఐసు తీసి, తుడిచి, తన అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచాడు. మీటరు ముల్లు కదల్లేదు. బావ ఒక్కడే ఇంకా తెర మీద వేలు ఆనించి, వెలగగానే నంబరు కొట్టడానికి సిద్ధంగా వంగి కూర్చున్నాడు.

మాస్టారు మళ్లీ దిగి వచ్చి బోర్డుని పైకి పట్టుకుపోయాడు. వీళ్లిద్దరూ ఆయన వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డారు. వేడిగాలి గొట్టం కింద చిప్పు మెల్లిగా లేచింది. మాస్టారు భూతద్దంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. జన్మలో మొదటిసారి మూసిన కన్ను కూడా తెరిచాడు.

"ఏమయ్యా," అన్నాడు. "ఇది పడిన ఫోను కాదు. ఇది ఉడికిన ఫోను."

స్క్రీనివాసు లేచిన చిప్పు వంక చూశాడు.

"చుక్కలన్నీ బూడిదరంగు తేలాయి. కిందున్న రాగి కూడా చుక్కలతో పాటే ఊడొచ్చింది. కొత్త చుక్క పొయ్యడానికి చోటేదీ? పొద్దున్న ఇలా ఉండి ఉండదు. పొద్దున్నే నాకు ఇచ్చుంటే..." ఆయన చేతిలో పట్టుకారు కింద పెట్టేశాడు. "ఎవరయ్యా పడిందని చెప్పింది?"

"నేనే మాస్టారూ."

బావ మాస్టారి మొహం చూశాడు, బావమరిది మొహం చూశాడు. పొద్దున చెరిపేసిన రెండక్షరాల విలువ ఎంతో అప్పుడు ఆయనకి తెలిసింది. పలక పైకెత్తలేదు. మెడ మీద గుడ్డ మాత్రం లేచి పడుతోంది, లేచి పడుతోంది.

కిందికి వచ్చేసరికి అక్క సూపు డబ్బాతో దుకాణంలో కూర్చుని ఉంది. వాళ్ల మొహాలు చూసి కూడా చూడనట్టే, "అయిపోయిందా? మూడయింది. ఆటో పిలవనా?" అంది.

"ఒకటి వచ్చిందక్కా."

"ఒకటా? పన్నెండులో ఒకటా?"

"పదమూడోది."

ఆమెకి అర్థం కాలేదు. అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అందులో ఏముందో అతనికీ తెలియదు. బావ గొంతు ఒక నిమిషమైనా ఉంటుందని, ఆ నిమిషాన్ని పట్టుకుని ఆ థెరపిస్టు కాళ్లావేళ్లా పడొచ్చని పిచ్చి ఆశ. నొక్కాడు.

గరగరమని గుడ్డ రాసుకున్న చప్పుడు. తర్వాత ఒక గొంతు, గది నిండా.

"హలో, హలో... ఎక్కుతోంది బావా, ఎక్కుతోంది! ఆ గీత కదులుతోంది చూడు. ఇంకాస్త లోపలికి జరుగు. అక్కా, తలుపు వెయ్యి. దుప్పటి ఇంకా కప్పు బావా, చుట్టూ తిప్పు, సందు ఉండకూడదు, లారీ వినబడుతోంది..."

అది స్క్రీనివాసు గొంతు. మొదటిరోజు, సరిగ్గా ఎక్కుతోందో లేదో చూడటానికి చేసిన రికార్డింగు.

"చార్జరు తియ్యకు, తియ్యకు! మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటికొస్తుంది."

"ఒరేయ్, ఇది వేడె..." అంది ఇంకో గొంతు. దగ్గరగా, బొంగురుగా, నిండుగా. అక్క చెయ్యి నోటి మీదకి వెళ్లింది.

"ఏం కాదు బావా! ఫోన్ల సంగతి నాకు చెప్తావా? నేను చూసుకుంటాగా. నువ్వు చదువు, హాయిగా చదువు. గొంతు సవరించుకో. నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా, హడావుడి పడకు, ఇదేం వేలం కాదు. మొదలెట్టనా? మొదలెడుతున్నా. రెడీయా?"

"ఊఁ."

టక్కుమని ఆగిపోయింది.

నలభై ఎనిమిది సెకన్ల రికార్డింగు. అందులో బావవి నాలుగు మాటలు. ఒకటి తను నరికేసినది. పన్నెండు రోజులు అలమరాలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని చదివిన మనిషికి, ఈ లోకంలో మిగిలిన గొంతు అంత. మిగతాదంతా తన వాగుడే.

"ఇదేనా?" అంది అక్క. "మిగతావి?"

"ఇదే."

"నాలుగింటికి ఆవిడకి ఏం చూపిస్తాం?"

"ఏం లేదక్కా. ఫోను పడలేదు. పడిందని మాస్టారికి అబద్ధం చెప్పాను. దుప్పట్లో ఉడకబెట్టింది నేను, ఐసులో చంపింది నేను. అడిగినప్పుడు నిజం చెప్పుంటే సగం ఆశ ఉండేదన్నాడాయన. సిగ్గేసింది. అంతే. సిగ్గేసి చెప్పలేదు."

అక్క సూపు డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసింది. ఆమె కళ్లల్లో నీళ్లు రాలేదు. చాలా దూరం నడిచి వచ్చి, తప్పు వీధిలోకి వచ్చామని తెలిసిన మనిషిలా కూర్చుంది.

స్క్రీనివాసు లేచి బావ ముందుకి వెళ్లి నిలబడ్డాడు.

"తిట్టు బావా."

బావ పలక ఒళ్లోకి తీసుకున్నాడు.

"తిట్టు. పలక మీద వద్దు. నోటితో తిట్టు."

బావ అతని వంక చూసి చూసి, ఒక్కసారి లేచాడు. స్టూలు వెనక్కి పడింది. పలక జారి బల్ల కిందికి పోయింది. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం జేవురించింది, చూపుడువేలు బావమరిది గుండె మీద పొడుస్తోంది. పెదాలు ఆగకుండా, వరసగా, గద్దె మీద నిలబడి సరుకు పాడేటప్పటి జోరుతో కదులుతున్నాయి. అన్నేళ్ల చనువూ, పన్నెండు రోజుల చదువూ, ఇరవై మూడు రోజుల గోడ చప్పుడూ అన్నీ ఆ నోట్లోంచి వస్తున్నాయి. గదిలో వినబడుతున్నది మాత్రం మెడ దగ్గర గుడ్డ కింద గాలి ఈలలా తీసే చప్పుడొక్కటే. కింద టీ కొట్టు దగ్గర ఎవరో చక్కెర తక్కువైందని పోట్లాడుతున్నారు, ఆ మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా పైకి వస్తున్నాయి.

"ఏమంటున్నాడక్కా?" అన్నాడు స్క్రీనివాసు, బావ పెదాల మీంచి చూపు తిప్పకుండా. "ఏమంటున్నాడో చెప్పు."

అక్క భర్త నోటి వంక చాలాసేపు చూసింది.

"నాకూ తెలియట్లేదురా," అంది.

బావ ఆగలేదు. స్క్రీనివాసు చేతులు కట్టుకుని, అర్థం కాని ప్రతి మాటకీ తలాడిస్తూ నిలబడ్డాడు.